కోడ్ టీపీఎస్ అంటోంది, మరి సెన్సార్ మార్చేయాలా?

బండి సాఫీగా వెళ్తూ ఉంటుంది. గేరు మార్చి కాలు కొంచెం, అంటే నిజంగా కొంచెమే, నొక్కుతారు. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఒక్క క్షణం తడబడి, మళ్లీ ఏమీ ఎరగనట్టు ముందుకి దూకుతుంది. ఇంకాస్త గట్టిగా నొక్కితే ఆ కుదుపు ఉండదు, కాలు పూర్తిగా తీసేసినా ఉండదు, పెడల్ ప్రయాణంలో ఆ ఒక్క చోటే, రోజూ వెళ్లే దారిలో గుంత ఎక్కడుందో తెలిసిపోయినట్టు, ప్రతిసారీ అక్కడికొచ్చేసరికే ఎగురుతుంది. నాలుగు రోజులు పోయాక చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0121 అనో పీ0122 అనో వస్తుంది. "టీపీఎస్, అంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్, పోయింది, మార్చేయండి" అంటారు మెకానిక్‌లు.

పోయి ఉండొచ్చు. పోకుండానూ ఉండొచ్చు. నేనూ ఒకసారి ఆ మాట నమ్మి కొత్త సెన్సార్ కొని, స్వయంగా బిగించి, ఏదో సాధించినట్టు బయల్దేరాను. పావుగంటలో అదే చోట అదే కుదుపు. చివరికి తప్పు ఎక్కడ దొరికిందో, అందులో నా వాటా ఎంతో కాసేపట్లో చెప్తాను. ముందు ఈ టీపీఎస్ అనేది అసలు ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

పెట్రోల్ ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి ఒక తలుపు ఉంటుంది. గుండ్రటి బిళ్లలాంటి రేకు, మధ్యలో ఒక ఇరుసు. దాన్నే థ్రాటిల్ అంటారు, అది కూర్చున్న గొట్టం థ్రాటిల్ బాడీ. మీరు యాక్సిలరేటర్ నొక్కితే, తీగ ఉన్న బండ్లలో ఆ తీగ లాగి, తీగ లేని కొత్త బండ్లలో చిన్న మోటారు తిప్పి, ఆ తలుపుని తెరుస్తాయి. ఇరుసుకి ఒక చివర ఈ సెన్సార్ కూర్చుని, తలుపు ఇప్పుడు ఎంత తెరుచుకుందో ఇంజిన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, వోల్టేజ్ రూపంలో చెప్తూ ఉంటుంది. అంతే దాని ఉద్యోగం.

పాతకాలపు రేడియోలో వాల్యూమ్ తిప్పే గుండీ గుర్తుందా? లోపల అరచంద్రాకారంలో ఒక కార్బన్ పట్టీ, దాని మీద జారుతూ తిరిగే సన్నటి లోహపు నాలుక. టీపీఎస్ కూడా అచ్చంగా అదే. పట్టీకి ఒక కొసన ఈసీయూ 5 వోల్టులు ఇస్తుంది, రెండో కొస ఎర్త్, నాలుక నుంచి బయటికొచ్చే మూడో తీగే సిగ్నల్. తలుపు మూసి ఉంటే సిగ్నల్ తీగలో సుమారు 0.5 నుంచి 0.9 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4.5 వోల్టుల దగ్గర. మీ బండికి కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది కానీ దాదాపు అన్నీ ఈ మధ్యలోనే తిరుగుతాయి.

మరి సున్నా నుంచి 5 దాకా మొత్తం ఎందుకు వాడుకోలేదు? అటూ ఇటూ ఆ కాస్త ఖాళీ కావాలనే వదిలారు. తీగ తెగితే సిగ్నల్ సున్నాకి పడిపోతుంది, లేదా 5కి ఎగబాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న సెన్సార్ ఆ రెండు అంకెలూ ఎప్పటికీ చెప్పదు కాబట్టి, అవి కనపడగానే ఇది తలుపు సంగతి కాదు, వైరింగ్ గొడవో సెన్సార్ గొడవో అని ఈసీయూ పసిగట్టగలదు. పీ0122 అంటే సిగ్నల్ ఉండాల్సినదానికన్నా కిందికి పడింది, పీ0123 అంటే పైకి పోయింది. పీ0121 అంటే అంకె హద్దుల్లోనే ఉంది గానీ మిగతా సెన్సార్లు చెప్పేదానికి పొసగట్లేదు. పీ0124 అంటే వస్తూ పోతూ ఉంది. పీ0120 మొత్తం సర్క్యూట్ మీద ఒక సాధారణ ఫిర్యాదు. వీటిలో ఏ ఒక్కటీ "సెన్సార్ చెడిపోయింది" అని చెప్పట్లేదు, గమనించారా? ఆ సర్క్యూట్‌లో, అంటే సెన్సార్, మూడు తీగలు, కనెక్టర్, ఈసీయూ అన్నీ కలిసిన ఆ ఇంట్లో, ఎక్కడో గొడవ జరుగుతోంది అంటోంది. ఎవరు మొదలుపెట్టారో మనమే వెతకాలి.

మళ్లీ రేడియో గుండీ దగ్గరికి. ఏళ్లతరబడి వాడిన రేడియోలో వాల్యూమ్ తిప్పుతుంటే ఒక చోట గరగరమని శబ్దం వచ్చి, ఆ చోటు దాటగానే మళ్లీ మామూలైపోవడం మీరు వినే ఉంటారు. అక్కడ కార్బన్ పట్టీ అరిగిపోయి నాలుక సరిగ్గా తగలట్లేదన్నమాట. టీపీఎస్‌కి వచ్చే ముసలితనం కూడా ఇదే. అయితే పట్టీ అంతా సమానంగా అరగదు. బండి నడిపే సమయంలో ఎక్కువ భాగం మన కాలు ఎక్కడ ఉంటుందో ఆలోచించండి. ఊరికే ఆనించినట్టు, పావు వంతు కూడా నొక్కకుండా. నాలుక తన జీవితంలో అధికభాగం అక్కడే అటూ ఇటూ వణుకుతూ గడుపుతుంది కాబట్టి ముందు అరిగేది ఆ జానెడు నేలే. పూర్తిగా నొక్కితే బాగుండి, మెల్లగా నొక్కితే మాత్రమే తడబడటానికి కారణం ఇది.

ఆ అరిగిన చోటికి నాలుక రాగానే సిగ్నల్ ఒక రెప్పపాటు పడిపోయి మళ్లీ లేస్తుంది. 0.9, 1.0, ఉన్నట్టుండి 0.2, మళ్లీ 1.1. మీరు నొక్కుతూనే ఉన్నారు, ఈసీయూకి మాత్రం మీరు కాలు చటుక్కున తీసేసి, మళ్లీ చటుక్కున పెట్టినట్టు కనపడుతుంది. కాలు తీశారనుకుని ఇంధనం తగ్గిస్తుంది, మళ్లీ తొక్కారనుకుని ఒక్కసారిగా ఎక్కువ పోస్తుంది. ఆ రెండు నిర్ణయాల మధ్యే మీకు తగిలే కుదుపు. ఈసీయూ పాపం బుద్ధిగానే పనిచేస్తోంది, దాని చెవిలో పడిన మాటే తప్పు.

ఈ ఒక్క సిగ్నల్ మీద ఆధారపడే పనులు చాలానే ఉన్నాయి. యాక్సిలరేటర్ తొక్కగానే అదనంగా ఇంధనం ఇవ్వడం, వాలులో కాలు తీసేస్తే ఇంధనం ఆపేయడం, ఐడ్లింగ్, అంటే కాలు పెట్టకపోయినా ఇంజిన్ నెమ్మదిగా తిరగడం, నిలబెట్టడం, ఆటోమేటిక్ బండ్లలో గేరు ఎప్పుడు మారాలో తేల్చుకోవడం. అందుకే టీపీఎస్ పాడైన రెండు బండ్లు ఒకేలా ప్రవర్తించాలని లేదు. ఒకటి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగిపోతుంది. ఇంకొకటి ఊరికే నిలబడి ఉన్నా రేస్ అవుతూనే ఉంటుంది. వేరొకటి గేరు ధడేల్మని మారుస్తుంది.

వీటన్నిటిలో నాకు ముచ్చటేసేది స్టార్ట్ కాని బండి. చాలా బండ్లలో స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుంటే ఈసీయూ ఇంధనం ఆపేస్తుంది. ఇంజిన్‌లో పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు తడిసిపోయినప్పుడు ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడు టీపీఎస్ సిగ్నల్ అబద్ధంగా 4 వోల్టుల పైన నిలబడిందనుకోండి. మీరు పెడల్ ముట్టుకోకపోయినా పూర్తిగా తొక్కారనే ఈసీయూ లెక్క. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, స్పార్క్ ఉంటుంది, పంపు పనిచేస్తుంది, ఇంజిన్ మాత్రం అంటుకోదు. పంపు దగ్గర్నుంచి ఇంజెక్టర్ల దాకా అన్నీ విప్పి చూస్తారు. తీగతో నడిచే థ్రాటిల్ ఉన్న పాత బండ్లలో ఇలాంటప్పుడు టీపీఎస్ కనెక్టర్ పీకేస్తే ఒక్కోసారి టక్కున స్టార్ట్ అవుతుంది.

సరే, వెతకడం ఎలా? పరికరం ఏదీ లేకుండా చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దాంతో మొదలుపెట్టండి. కుదుపు దేనితో ముడిపడి ఉందో చూడండి. చదును రోడ్డు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, తక్కువ వేగంలో, ఎక్కువ వేగంలో, ఎప్పుడైనా సరే పెడల్ అదే చోట ఉన్నప్పుడే వస్తోందా? అయితే టీపీఎస్ మీద అనుమానం గట్టిది. పెడల్ ఎక్కడున్నా సరే, ఇంజిన్ మీద బరువు పడినప్పుడల్లా, ఎత్తు ఎక్కేటప్పుడో నలుగురు కూర్చున్నప్పుడో వస్తోందా? అయితే ఇగ్నిషన్ కాయిల్, స్పార్క్ ప్లగ్గులు, ఇంధనం ఒత్తిడి వైపు చూడండి. నిలబడి ఉన్నప్పుడు ఐడ్లింగ్ మాత్రమే ఎగుడుదిగుడుగా ఉండి, బండి కదిలాక అంతా బాగుంటే థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, లేదా ఎక్కడో చిరిగిన వాక్యూమ్ గొట్టం. గాలి కొలిచే సెన్సార్‌కి మట్టి పట్టినా దాదాపు ఇలాగే తడబడుతుంది. ఈ తేడా గమనించకుండా సెన్సార్ కొంటే నొప్పి ఒకచోట మందు ఒకచోట అయిపోతుంది.

తర్వాత బ్యాటరీ. నవ్వకండి. మోటారుతో తిరిగే థ్రాటిల్ ఉన్న బండ్లలో బ్యాటరీ నీరసపడితే థ్రాటిల్ మీద రకరకాల కోడ్‌లు వచ్చి పడతాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన, నడుస్తున్నప్పుడు సుమారు 14 ఉందా చూసుకుని ముందుకెళ్లండి.

స్కానర్ ఉంటే కోడ్ ఒక్కటే చూసి మూసేయకండి. కోడ్ పడిన క్షణాన ఇంజిన్ ఏ స్థితిలో ఉందో ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒక చోట దాచి ఉంచుతుంది. వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి. ప్రతిసారీ బాగా వేడెక్కాకే పడుతోందంటే అదొక మంచి ఆధారం, చల్లగా ఉన్నప్పుడు కొలిచి "అంతా బాగుంది" అనుకోకూడదని అర్థం. అలాగే లైవ్ డేటాలో, అంటే స్కానర్ అప్పటికప్పుడు చూపే అంకెల్లో, థ్రాటిల్ శాతం చూసి చాలామంది కంగారుపడే విషయం ఒకటుంది. కాలు తీసేసినా 16 శాతం చూపిస్తోంది, తలుపు మూసుకోవట్లేదేమో అని. అది 5 వోల్టుల్లో ఎంత వంతు అనే లెక్క. 0.8 ని 5 తో భాగిస్తే 16 శాతమే వస్తుంది. పూర్తిగా నొక్కినా 100 రాదు, 4.5 వోల్టులకి 90 శాతమే. కొన్ని స్కానర్లలో సాపేక్షం అని ఇంకో వరుస ఉంటుంది, సున్నా నుంచి మొదలయ్యేది అది. రెండూ సరైనవే, వేర్వేరు లెక్కలు. ఈ 16 ని చూసి థ్రాటిల్ స్క్రూ తిప్పేసినవాళ్లున్నారు, దయచేసి ఆ స్క్రూ జోలికి పోకండి.

లైవ్ డేటాని అంకెల్లో కాకుండా గ్రాఫ్‌లో పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పెడల్‌ని వీలైనంత మెల్లగా, పది సెకన్లు పట్టేలా, కింది దాకా నొక్కి అంతే మెల్లగా వదలండి. గీత కొండ ఎక్కి దిగినట్టు నునుపుగా ఉండాలి. ఎక్కడైనా సూదిమొనలా కిందికి గుచ్చుకుందంటే ఆ చోట పట్టీ అరిగినట్టు. మోటారు థ్రాటిల్ ఉన్న కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పెడల్ పూర్తిగా నొక్కినా తలుపు పూర్తిగా తెరుచుకోదు, అది లోపం కాదు. ఇంకో మాట, చవక స్కానర్లు సెకనుకి ఒకటో రెండో అంకెలు మాత్రమే లాగుతాయి. రెప్పపాటులో పడి లేచే వోల్టేజ్ ఆ రెండు అంకెల మధ్య సందులోంచి జారిపోతుంది. డిజిటల్ మల్టీమీటర్‌కీ ఇదే జబ్బు. అందుకే ఈ ఒక్క పనికి పాత ముల్లు మీటరే నయం, ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడితే కంటికి దొరుకుతుంది. మీ డిజిటల్ మీటర్‌లో కనిష్ఠం గరిష్ఠం గుర్తుపెట్టుకునే బటన్ ఉంటే అదీ పర్లేదు. వోల్టేజ్‌ని క్షణక్షణం గీతగా గీసి చూపే ఓసిలోస్కోప్ ఉంటే ఇంక మాటే లేదు.

ఇప్పుడు అసలు పని, మూడు తీగలు. కనెక్టర్ పెట్టే ఉంచి, వెనక వైపు నుంచి, తీగ లోపలికి వెళ్లే చోట సన్నటి పిన్నుతో కొలవాలి. తీగ పైతొడుగుని గుచ్చి కొలిచే అలవాటు మానుకోండి, ఆ చిల్లులోంచి తేమ పోయి ఆరు నెలల తర్వాత ఇంకో కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి మొదటి తీగ చూడండి. 5 వోల్టులు, ఒక పిసరు అటూఇటూగా ఉండాలి. లేకపోతే సెన్సార్‌ని తిట్టడం ఆపేయండి, దానికి తిండే అందట్లేదు.

ఆ 5 వోల్టుల సరఫరా చాలా బండ్లలో టీపీఎస్ ఒక్కదానిది కాదు. మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది), ఏసీ ఒత్తిడి సెన్సార్ లాంటివీ అదే కుండలోంచి తాగుతాయి. వాటిలో ఏదో ఒకటి లోపల షార్ట్ అయితే అందరికీ వోల్టేజ్ పడిపోతుంది. పీ0122 తో పాటు మ్యాప్ సెన్సార్‌ది పీ0107 కూడా ఒకేసారి వచ్చాయంటే రెండు సెన్సార్లు ఒకే రోజు చచ్చిపోయాయని అనుకోకండి. ఆ సరఫరా మీద ఉన్న సెన్సార్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూస్తూ ఉండండి. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొచ్చాయో అదే దొంగ.

రెండోది ఎర్త్ తీగ. దీన్ని దాదాపు ఎవరూ కొలవరు, ఎక్కువ మాయ చేసేది ఇదే. మీటర్ ఎర్ర తీగ సెన్సార్ ఎర్త్ మీద, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద. దాదాపు సున్నా రావాలి, 0.05 దాకా ఫర్వాలేదు, 0.1 దాటితే ఆలోచించాలి. ఎర్త్ బాగోలేక అక్కడ 0.3 వోల్టులు నిలిచిందనుకోండి. అప్పుడు సెన్సార్ తన కొలతని సున్నా నుంచి కాకుండా 0.3 నుంచి మొదలుపెడుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు 0.7 చెప్పాల్సింది 0.95 దాకా చెప్తుంది. కోడ్ పడదు, ఎందుకంటే 0.95 హద్దుల్లోనే ఉంది. కానీ తలుపు కొంచెం తెరిచే ఉందని ఈసీయూ అనుకుంటుంది, ఐడ్లింగ్ చూసుకునే పనిలోకి దిగదు, కాలు తీసినా ఇంజిన్ దిగకుండా రేస్ అవుతూ ఉంటుంది. ఎర్త్ పూర్తిగా తెగిపోతే సిగ్నల్ నేరుగా 5 దగ్గరికి ఎగిరి పీ0123 వస్తుంది.

నా కథ ఇక్కడిది. కొత్త సెన్సార్ బిగించాక కూడా కుదుపు పోలేదని చెప్పాను కదా. గ్రాఫ్ చూస్తే నిలబెట్టి ఉన్నప్పుడు గీత పాలమీగడలా నునుపు. ఇంజిన్ స్టార్ట్ చేసి వణుకు మొదలవగానే అక్కడక్కడా ఎగురుతోంది. ఎర్త్ తీగ కొలిస్తే 0.02. బాగానే ఉంది కదా అని వదిలేయబోతూ, మీటర్ తగిలించే ఉండగా, కనెక్టర్‌ని వేలితో ఒక పక్కకి నొక్కాను. 0.02 కాస్తా 0.3 అయింది. వేలు తీస్తే మళ్లీ 0.02. నొక్కితే 0.4. విప్పి టార్చి వేసి చూస్తే మూడు పిన్నుల్లో ఎర్త్ పిన్ను నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఎదుటి పిన్నుని గట్టిగా పట్టుకోవట్లేదు. అది అలా ఎందుకు తెరుచుకుందంటే, మొదటిసారి పరీక్ష చేసిన పెద్దమనిషి కనెక్టర్ పీకి ముందు వైపు నుంచి మీటర్ తీగ చివరి లావుపాటి మొనని అందులోకి కుక్కాడు. ఆ పెద్దమనిషిని నేనే. అసలు సెన్సార్‌కి కాస్త జబ్బు ఉండే ఉండొచ్చు, దానికి తోడు ఇంకో జబ్బు నా చేతులతో తగిలించి, కొత్త సెన్సార్‌ని అనుమానించుకుంటూ రెండు వారాలు తిరిగాను. సూదితో ఆ నోటిని దగ్గరికి నొక్కితే పోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

అప్పట్నుంచీ వోల్టేజ్ కొలిచే ప్రతిసారీ తీగల కట్టని మెల్లగా కదుపుతూ, కనెక్టర్‌ని అటూఇటూ వంచుతూ, సెన్సార్ మీద స్క్రూడ్రైవర్ పిడితో చిన్నగా తట్టుతూ చూస్తాను. వేడికే వచ్చే జబ్బయితే హెయిర్ డ్రయ్యర్‌తో సెన్సార్‌ని వెచ్చబెట్టి చూడొచ్చు. కనెక్టర్ లోపల ఆకుపచ్చ చిలుము, నూనె జిడ్డు, ఇంజిన్ కడిగాక మిగిలిన తడి, ఇవన్నీ కంటితోనే దొరుకుతాయి.

మూడోది సిగ్నల్. ఇప్పటికి 5 వోల్టులు, ఎర్త్ రెండూ నిజమని తేలాయి కాబట్టి ఇక్కడ కనపడే తప్పు సెన్సార్‌దే అనొచ్చు. మెల్లగా తలుపు తెరుస్తూ ముల్లు చూడండి. ఎక్కడా దూకకుండా, పడకుండా ఎక్కాలి. సెన్సార్ దగ్గర సిగ్నల్ బాగుండి స్కానర్‌లో మాత్రం తప్పుగా కనపడితే మధ్యలో తీగ తెగి ఉండొచ్చు.

పీ0122 పట్టుకుని వేలాడుతున్న మూడు తీగల సెన్సార్‌కి ఇంకో చక్కటి పరీక్ష ఉంది. కనెక్టర్ పీకి, తీగల వైపున 5 వోల్టుల పిన్నునీ సిగ్నల్ పిన్నునీ ఫ్యూజ్ ఉన్న సన్న వైరుతో ఒక్క క్షణం కలపండి. స్కానర్‌లో అంకె 5 వోల్టుల దగ్గరికి ఎగిరిందా? అయితే తీగలూ ఈసీయూ రెండూ బాగున్నాయి, సెన్సార్ మార్చండి. ఎగరలేదా? ఎన్ని సెన్సార్లు మార్చినా దండగే. ఏ పిన్ను ఏదో వైరింగ్ బొమ్మలో చూసి నిర్ధారించుకున్నాకే ఈ పని చేయండి, ఊహించి 12 వోల్టుల తీగ తగిలిస్తే ఈసీయూకే ఎసరు.

ఇంతవరకూ చెప్పింది తీగతో నడిచే థ్రాటిల్ గురించి ఎక్కువ. మోటారు థ్రాటిల్‌లో కథ కొంచెం పెద్దది, కానీ ఒక రకంగా తేలిక కూడా. కాలికీ తలుపుకీ మధ్య తీగ లేదు కాబట్టి ఒకే సెన్సార్ మాట నమ్మి తలుపు తెరిచేస్తే ప్రమాదం. అందుకని లోపల రెండు సెన్సార్లు పెట్టి ఒకదానితో ఒకటి సరిచూస్తారు. చాలా వాటిలో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది. ఒకటి 0.8 అంటే రెండోది 4.2, ఒకటి 1.7 అంటే రెండోది 3.3. ఎప్పుడు కూడినా 5 రావాలి. 1.7 కి జోడీగా 3.0 వచ్చిందా, మొత్తం 4.7 అయింది, ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. అప్పుడు పీ2135 పడుతుంది. కొన్ని కంపెనీల పద్ధతి వేరే ఉంటుంది, కాబట్టి ముందు మీ బండిది ఏ పద్ధతో చూసుకుని కూడండి.

పెడల్ కింద ఇంకో సెన్సార్ ఉంటుందని కూడా మర్చిపోకూడదు. అది మీ కాలు ఎంత నొక్కిందో చెప్తుంది, థ్రాటిల్ బాడీలోది తలుపు ఎంత తెరుచుకుందో చెప్తుంది. పెడల్‌ది పీ2138, థ్రాటిల్‌ది పీ2135. అంకెలు దగ్గరదగ్గరగా ఉండేసరికి ఒకదానికి బదులు ఇంకోటి మార్చేసే ప్రమాదం ఉంది.

ఇద్దరి మాటా కలవకపోతే ఈసీయూ మోటారుకి కరెంటు ఆపేస్తుంది. తలుపుని స్ప్రింగ్ కొంచెం తెరిచిన స్థితిలో నిలబెడుతుంది, బండి పాక్కుంటూ పక్కకి వెళ్లడానికి సరిపడా. ఎంత తొక్కినా పికప్ రాదు. భయం వేసే మాట నిజమే, ముఖ్యంగా వేగంగా వెళ్తున్నప్పుడు జరిగితే. కానీ తలుపు దానంతటదే పూర్తిగా తెరుచుకోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ఒకసారి అలా జరిగాక ఆపి స్టార్ట్ చేస్తే బాగైపోయిందని రోజుల తరబడి తిరగకండి. అది మళ్లీ ఎక్కడ వస్తుందో మీ చేతిలో లేదు.

ఈ రకం థ్రాటిల్‌లో ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలు పెట్టి తలుపు తోయొద్దు. మోటారు ఒక్కసారిగా మూసిందంటే వేలు నలుగుతుంది, లోపలి ప్లాస్టిక్ పళ్లు విరగడమూ ఉంది. వీటిలో సెన్సార్ విడిగా దొరకడం కూడా అరుదు, థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాల్సి వస్తుంది. కొత్త రకాల్లో అరిగే కార్బన్ పట్టీయే ఉండదు, అయస్కాంతం కదలికని తాకకుండానే పసిగట్టే హాల్ సెన్సార్లు వచ్చేశాయి. ఎడ్విన్ హాల్ ఆ ప్రభావాన్ని 1879లో కనిపెట్టినప్పుడు ఇలా కార్ల థ్రాటిల్లో తేలుతుందని ఊహించి ఉండడు. వీటికి అరుగుదల గొడవ లేదు గానీ కనెక్టర్, ఎర్త్, 5 వోల్టుల గొడవలు మామూలే.

చివరికి సెన్సార్‌దే తప్పని తేలి మార్చారనుకోండి. ఇరుసు కొసకి సెన్సార్ లోపలి నాలుక సరిగ్గా కూర్చోవాలి. చాలా వాటిలో స్క్రూ రంధ్రాలకి కొంచెం పక్కగా పెట్టి, స్ప్రింగ్ బిగువుకి వ్యతిరేకంగా కాస్త తిప్పి బిగించాలి. తిప్పకుండానే సులువుగా కూర్చుందంటే నాలుకని తప్పు వైపు పెట్టారేమో చూసుకోండి. స్క్రూ రంధ్రాలు పొడుగ్గా ఉంటే సెన్సార్‌ని జరిపి సర్దుకోవచ్చని అర్థం, మీటర్ తగిలించి తలుపు మూసి ఉన్నప్పటి వోల్టేజ్‌ని మాన్యువల్ చెప్పిన అంకెకి తెచ్చి బిగించాలి. గుండ్రటి రంధ్రాలుంటే సర్దేదేమీ లేదు, ఈసీయూయే కనిష్ఠ అంకెని చూసి అది మూసిన స్థితి అని నేర్చుకుంటుంది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేసినా, మార్చినా, మోటారు రకమైతే ఐడ్లింగ్ మళ్లీ నేర్పించాలి. ఒక్కో బండికి ఒక్కో పద్ధతి, కొన్నిటికి స్కానర్ లేనిదే కుదరదు. నేర్పించకుండా స్టార్ట్ చేసి, ఆర్‌పీఎం ఎగిరేసరికి కొత్త థ్రాటిల్ బాడీ కూడా పాడైందని తిరిగి ఇచ్చేసేవాళ్లు ఉంటారు. శుభ్రం చేయడానికి థ్రాటిల్ బాడీకని అమ్మే స్ప్రేనే గుడ్డకి కొట్టి తుడవండి, సెన్సార్ ఉన్న వైపు ధార పోయనివ్వకండి.

అన్నీ బిగించాక కోడ్ తుడిచేసి బయల్దేరండి. ఊరికే నాలుగు చక్కర్లు కొట్టి వచ్చేయకుండా, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన ఒకరికి స్కానర్ గ్రాఫ్ చూడమని ఇచ్చి, ఇంతకుముందు కుదుపు వచ్చిన ఆ చోటే పెడల్‌ని ఆపి ఓ నిమిషం నడపండి. పాత గుంత దగ్గరికి వచ్చినట్టు మీ కాలు కొన్ని రోజులు అక్కడ బిగుసుకుంటూనే ఉంటుంది.